తోడు వచ్చేవాళ్ళ టికెట్టు

ఫుట్‌బాల్ లీగ్ ఆఫీసులో టికెట్ల వ్యవహారం చూసే అధికారి గారికి,

అయ్యా, ఇది నా నాలుగో ఉత్తరం. మీకు విసుగొచ్చే ఉంటుంది. నాకూ వచ్చింది.

మా నాన్నగారికి చూపు పోయి ఆరేళ్ళయింది. అయినా ఫుట్‌బాల్ మ్యాచ్ మానరు. పక్కన కూర్చుని, బంతి ఎవరి కాళ్ళ దగ్గరుందో ఆయన చెవిలో చెబుతూ ఉండటం నా పని. చూపు లేనివాళ్ళకి తోడు వచ్చేవాళ్ళకి టికెట్టు ఉచితమని మీ రూల్సు పుస్తకంలోనే ఉంది. ఆ పేజీ మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు టికెట్ల కౌంటర్లో చూపిస్తే గుమస్తా, "అది లీగ్ వాళ్ళ సలహా అమ్మా, మాకు రూలేం కాదు. అయినా మీరూ ఆట చూస్తారుగా?" అన్నాడు. తొంభై నిమిషాలు నోరు మూయకుండా చెప్పే మనిషి ఆటేం చూస్తుందండీ?

క్లబ్బులు మీ రూలు పాటించి తీరాలా, అక్కర్లేదా అని అడిగితే, పోయినసారి మీరు రెండు ఉచిత పాసులు పంపారు. నాన్నగారు వాటిని వేళ్ళతో తడిమి, "నేనడిగింది పాసు కాదే, జవాబు. తిప్పి పంపెయ్" అన్నారు. పంపేశాను.

నా కుట్టుపని మీద ప్రతిసారీ రెండు టికెట్లు కొనలేను. అందుకని మ్యాచ్ రోజుల్లో స్టేడియం గోడ పక్కన బస్టాపులో కూర్చుంటున్నాం. లోపలి అరుపులు విని, గోల్ ఎవరిదో ఇప్పుడు ఆయనే నాకు చెబుతున్నారు.

రోజూ పోస్టు వచ్చిందా అని అడుగుతారు. క్లబ్బులు పాటించక్కర్లేదనే రాసినా సరే, జవాబు పంపండి. ఖాళీ కాగితం పంపినా పర్లేదు. చదివి వినిపించేది నేనే కదా.

ఇట్లు,
ఆయన పక్కన కూర్చునే కూతురు