నీలం సిరాలో మీ మాట

రహీం భాయ్,

మీరు పోయి రేపటికి ఏడాది. మీ సెక్షన్లు కూడా నాకే పడ్డాయి. ఇవాళ జావా ల్యాబు రికార్డులు దిద్దాను. ఎప్పటిలాగే పిల్లలంతా సీనియర్ల రికార్డు ముందు పెట్టుకుని మక్కికి మక్కి దించారు. లైబ్రరీ ప్రోగ్రామంతా విడి భాగాలేమీ లేకుండా ఒకటే క్లాసు. పుస్తకాలు, సభ్యులు, తేదీలు అన్నీ దాని నెత్తినే. వద్దని చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది.

ఈసారి ఇంకో వింత. ఆ పాత రికార్డులో మీరు ఎర్ర సిరాతో రాసిన మాటను కూడా ప్రోగ్రాములో భాగమే అనుకుని నీలం సిరాతో దించేశారు. "ఒక్క క్లాసే ఎన్ని పనులు చేస్తది? జర విడగొట్టు బిడ్డా." ప్రతి రికార్డులోనూ అదే. కొట్టేసే ఓపిక లేక సంతకాలు పెట్టుకుంటూ పోయాను.

నెక్కొండ నుంచి వచ్చే స్వప్న రికార్డులో మాత్రం మూడు క్లాసులున్నాయి. పిలిచి, ఎందుకిలా రాశావని అడిగాను.

"కింద విడగొట్టుమని రాసి ఉన్నది కద సార్. ఆలోచిస్తే నిజమే అనిపించింది. ఎవరు రాసిన్రు సార్ అది?"

మీ పేరు చెప్పాను.

"మంచిగ చెప్పిన్రు. ఆ సార్ ఏ సెక్షనుకు వస్తరు?" అంది.