పరదా అవతలికి వినపడేలా

శాలిబండ, 1972
ఆదివారం రాత్రి

నా రాజమ్మ పోయాక ఇవాళే మొదటిసారి సినిమాకు వెళ్లాను. అదే పాత హాలు. సగంలో బొమ్మ ఆడుతుండగానే మాట ఆగిపోయింది. ఒకటే ఈలలు, లొల్లి.

నాకు మాత్రం పెళ్లైన కొత్తలో ఇక్కడే చూసిన మూగ సినిమాలు గుర్తొచ్చాయి. అప్పట్లో ఎడమ వైపున్న ఆడవాళ్ల బెంచీలకూ మాకూ మధ్య పరదా ఉండేది. తెర మీద పడే అక్షరాలు రాజమ్మకు చదవరావు. అందుకని పరదా అవతలికి వినపడేలా నేనే గట్టిగా తెలుగులో చెప్పేవాణ్ణి. చుట్టూ ఎంత విసుక్కున్నా ఆపేవాణ్ణి కాదు. ఇంటికొచ్చాక, "సగం కత నువ్వే కలిపినవ్ గదా!" అని పడీపడీ నవ్వేది.

ఇవాళ ఏమైందో ఏమో, ఎడమ వైపు తిరిగి, "తల్లి ఉత్తరం చింపేసింది, కొడుకు ఇంకా చూడలేదు" అని గట్టిగా చెప్పడం మొదలుపెట్టాను.

పక్క సీటాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "కాకా, ఎవరికి చెప్తున్నవ్? ఆడ గోడనే ఉన్నది."

అంతలో మాట తిరిగొచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి వచ్చేశాను.

ఆ కొడుకు చివరికి ఏమయ్యాడో తెలియదు. కల్పించి చెబుదామంటే, కనిపెట్టి నవ్వే మనిషి లేదు.