చక్రాల్లేని బండికి నిమ్మకాయలు

శుక్రవారం, రాత్రి

ఎవరితోనూ చెప్పుకోలేక ఈ పెన్ను పట్టినాను.

మనుషుల్ని మోసే కరెంటు హెలికాప్టర్‌ను నా కూతురు భార్గవి కంప్యూటర్లో ఎగరేసి పరీక్షిస్తుంది. సాయంత్రం పక్కన కూచుని చూసినాను. ఒక మోటారు ఆపితే ఊగి నిలబడింది. రెండోది కూడా ఆపితే కూలిపోయింది.

"ఈడ పడితేనే మా, ఆడ పడకుండా సరిచేసేది."

"అన్నీ సరిచేసినారా?"

"మాకు తోచినవన్నీ చేసినాం. సోమవారం నిజం దాంట్లో నేనే ఎక్కుతాండా."

కొత్త బండికి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడమే నాకు తెలిసింది. దీనికి చక్రాల్లేవు.

"మరి నిమ్మకాయలు యాడ పెట్టల్ల?"

"దానికి కాళ్లుండాయి మా, పసుపు రాస్తావా?" అని నవ్వింది.

నిమ్మకాయలు దేవుని పటం ముందరే పెట్టినాను. కళ్లు మూస్తే కూలేదే కనబడుతోంది. వాళ్లకు తోచనివి నీకే తెలుసు స్వామీ. ఈ కాగితం నీ పటం వెనకే పెడుతున్నా, దాచిపెట్టు. భార్గవికి మాత్రం చూపించొద్దు.