కాయ చాటున కంపెనీ

కంపెనీల నమోదు అధికారి గారి సముఖమునకు,
ఐరాల మండలవాసి, మామిడి తాండ్ర తయారీదారు మునిచంద్ర వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా కంపెనీ ఆఫీసు ముందర వేలాడుచున్న బూడిద గుమ్మడికాయను తమ కార్యాలయము వారు "గుర్తు తెలియని వస్తువు"గా పేర్కొని, మా ఫొటోలను మూడు తూర్లు తిప్పి పంపుట గురించి.

సమస్త ప్రజానీకమునకు ఇందుమూలముగా ప్రకటించడమేమనగా, సదరు వస్తువు బాంబు కాదు. ఆకాశం నుండి రాలిన ఉల్క కాదు. అది గుమ్మడికాయ. పసుపు పూసి, కుంకుమ పెట్టి, ఉట్టిలో వేలాడదీసిన దిష్టికాయ. తిరుపతి నుండి చిత్తూరు దాకా షట్టరున్న ప్రతి అంగడికీ ఒకటి ఉన్నది. తమ ఆఫీసు గుమ్మానికీ ఉండే ఉంటుంది. ఒక్క తూరి తలెత్తి చూడగోరెదను.

1. నా భార్య జ్ఞానాంబ మా పెళ్లైన నాటి నుండి ప్రతి కాపుకూ తాండ్ర పోస్తున్నది. తిరుపతిలో ఒక సూపర్‌మార్కెట్టుకు సరుకు కొనే జయరావు అనునతడు ముక్క నోట్లో వేసుకొని, కళ్లు మూసుకొని, "అమ్మా, ఎంతుంటే అంతా నాకే ఇయ్యండి. అయితే కంపెనీ ఉండాల. ఇండ్లల్లో చేసింది మా ఓనరు తీసుకోడు" అన్నాడు. ఇంట్లో చేసినందుకే రుచి, ఇంట్లో చేసినందుకే వద్దు. ఈ న్యాయం విన్నాక నాకు తాండ్ర కూడా చేదైనది.

2. చిత్తూరులో ఆడిటరు ప్రతాప్ ద్వారా దరఖాస్తు పెట్టినాము. నేనూ జ్ఞానాంబా డైరెక్టర్లము. మొన్నటి దాకా "ఏమయ్యా, ఆ గంప ఇట్ల ఎత్తుకోని రా" అన్న జ్ఞానాంబ, ఇప్పుడు "డైరెక్టరయ్యా, ఆ గంప ఇట్ల ఎత్తుకోని రాండి" అంటున్నది. గంప బరువు మాత్రం తగ్గలేదు.

ఆఫీసనగా మా రేకుల షెడ్డు. బోర్డు, తలుపు కనబడేటట్లు డైరెక్టరు నిలబడి ఫొటో పంపవలెనన్నారు. పంపినాము. కాయ బోర్డుకు నడిమధ్యన అడ్డం వచ్చి "మామిడి తాండ్ర" అన్న మాటలు మూసుకొని పోగా, "జ్ఞానాంబ ప్రైవేట్ లిమిటెడ్ అను పేరుతో దరఖాస్తు లేదు, ముందర గుర్తు తెలియని వస్తువు కలదు" అని జవాబు వచ్చినది. ఊళ్లో ఇప్పుడు నా భార్యను ప్రైవేట్ లిమిటెడ్ అని పిలుస్తున్నారు. మొదట పిలిచింది నేనే అయినా, తప్పు తమదే.

3. పక్క నుండి తీసి పంపినాము. పేరు వచ్చినది, తలుపు రాలేదని తిప్పినారు. బోర్డును రేకుల మీదికి ఎక్కించి తీసినాము. పేరు వచ్చినది, తలుపు వచ్చినది, కాయ సరిగ్గా నా ముఖానికి అడ్డం వచ్చినది. మెడ మీద గుమ్మడికాయ ఉన్న డైరెక్టరు చెల్లడట. పెద్ద పెద్ద కంపెనీలలో అట్లాంటి వారు చాలామంది కలరని విన్నాను. మాకొక్కరికే ఈ నిబంధన ఏల అని రోత పుట్టుచున్నది.

4. "కాయ దించితే పోలా అన్నా? ఫొటో తీసి మళ్లా కట్టుకోండి" అన్నాడు ప్రతాప్. దానికి మా అత్తగారు రుక్మిణమ్మ ఒప్పుకోలేదు. "కట్టిన కాయ అదంతట అది కుళ్లేదాకా ముట్టకూడదు. నడిమధ్యలో దించితే అది ఆపిన దిష్టంతా ఇంట్లోకి వస్తాది. ముట్టినావంటే నా కూతుర్ని తోడుకోని మా ఊరు కార్వేటినగరం పోతా" అని ఒట్టు పెట్టినది. చట్టానికి ఎదురు చెప్పవచ్చును, అత్తగారికి చెప్పలేము.

5. కాయ చూస్తే రాయి మాదిరి ఉన్నది, కుళ్లే జాడ లేదు. జయరావు వచ్చే వారం దాకానే ఆగుతానన్నాడు. ఆ తర్వాత ఇంకొకరి సరుకు ఎత్తుతాడు. మబ్బులు పట్టుచున్నవి. తాండ్రకు చెమ్మ తగిలితే పశువులు కూడా మూతి తిప్పుకొంటాయి. జ్ఞానాంబ రోజూ మూట విప్పి, వాసన చూసి, మళ్లీ కట్టుచున్నది. తిట్టినా బాగుండేది.

కావున తమరు దయతలచి, మూడవ ఫొటోలో మెడ మీద ఉన్నది నా తలేనని భావించి, కాయను కాయగా, నన్ను మనిషిగా, షెడ్డును ఆఫీసుగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మునిచంద్ర
డైరెక్టరు (తమరు ఒప్పుకొంటే)

తా.క.: నాలుగవ అంశములో మా అత్తగారి ఒట్టు శుద్ధ అబద్ధం. నేనే కల్పించినాను. ఆ పెద్దామె నిన్న కత్తిపీట ముందర పెట్టుకొని, "ఆ కాయ దించు నాయనా, ఎండుండంగానే వడియాలన్నా పెడతా" అన్నది. భయపడేది నేను. టీ బంకు పెట్టినాను, చెరుకురసం బండి పెట్టినాను. రెండింటికీ కాయ కట్టకపోగా, కట్టినవాళ్లను చూసి నవ్వినాను. రెండూ మూతబడినవి. అప్పుడు పోయింది నా పేరు, దానికి విలువ లేదు. ఈ తూరి బోర్డు మీద ఉన్నది జ్ఞానాంబ పేరు. నిచ్చెన ఎక్కితే చేయి ముందుకు పోవడం లేదు. ఇది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, తమరూ చెప్పవద్దు. "సదరు కాయను తక్షణమే దించవలెను" అని ముద్ర వేసి ఒక్క ఉత్తర్వు పంపండి, చాలును. దించింది సర్కారు అవుతుంది, దిష్టి తగిలినా సర్కారుకే తగులుతుంది. అంత పెద్ద ఒళ్లు, తట్టుకొంటుంది.