మన రక్తంలో మతిమరుపు

కుందుర్పిలో ఉన్న తిప్పేస్వామి అన్నకు,

అమ్మను అనంతపురం డాక్టరమ్మకు చూపించాను. అమ్మ నన్నే "ఎవరమ్మా నువ్వు?" అని అడుగుతుంటే ఏడుపు ఆగలేదు.

"ఈ మతిమరుపు ముప్పు మీ రక్తంలో ఉండాది. అందరికీ రావాలని లేదు. తిండి మార్చుకుంటే కొంత తగ్గొచ్చు. మీ అన్న పరీక్ష చేయించుకున్నప్పుడే తోబుట్టువులకు చెప్పమన్నా కదా" అంది డాక్టరమ్మ.

పోయిన నెల మా ఇంట్లో పూరీలు పక్కకు నెట్టి, కొర్రన్నం, ఆకుకూర అడిగావు. "ఏందన్నా, పథ్యమా?" అని నవ్వితే, "ఒంటికి పడటంలేదులే" అన్నావు. నేను పూరీలు తింటుంటే చూస్తూ కూర్చున్నావు. నీ కూతురి సంబంధం చెడుతుందని దాచావట, వదిన చెప్పింది. నేను పరాయిదాన్నా?

నిన్న తమ్ముడు కుళ్లాయప్పకు నేనే చెప్పాను. "అన్నకు ముందే తెలుసునా?" అని అడిగినాడు.

తెలుసని చెప్పేశాను.

నీ చెల్లెలు