అడుగున రెండు వరసలు

జూన్ 4
గ్యాలరీ పెరడు నాకు ఖాయమైంది. నిలువెత్తు మట్టి గోడ, మధ్యలో ఒక కిటికీ. వానకి కరిగి నేలలో కలిసిపోవాలి. ఆ కరగడమే శిల్పం. క్యూరేటర్ కేటలాగ్ ఫారం ఇచ్చింది. ‘ఎంతకాలం ఉంటుంది’ అన్న గడిలో ‘మొదటి పెద్ద వాన దాకా’ అని రాసి, నాలో నేనే మురిసిపోయాను.

జూన్ 8
నడుం పట్టేసింది. నాన్నని సాయం అడిగాను. నలభై ఏళ్ళు తాపీ మేస్త్రీగా చేసిన మనిషి. నా షో ఒక్కదానికీ రాలేదు. మంచుతో చేసినా, పంచదారతో చేసినా ఫోటో చూసి, ఇప్పుడుందా అని అడుగుతాడు. లేదని చెప్తే పేపర్లో తల దూరుస్తాడు.

జూన్ 9
నేను వెళ్ళేసరికే రెండు వరసలు పెట్టేశాడు. మట్టి నేను కలుపుతానంటే, నువ్వు వెళ్ళి టీ పట్రా అన్నాడు. పడిపోయే గోడకి మట్టం చూడటమెందుకు నాన్నా అన్నాను. పడేదాకా నిలబడాలిగా అన్నాడు. టీ తేవడానికి వెళ్ళాను.

జూన్ 13
గోడ పూర్తయింది. ఇద్దరం ఒకే పని చేయడం ఇదే మొదలు. సంతోషంగా ఉంది.

జూన్ 21
వాన మొదలైంది.

జూన్ 24, సాయంత్రం 5
మూడు రోజులుగా ఒకటే వాన. మొదట కిటికీ జారింది, తర్వాత గోడంతా. గొడుగుల కింద జనం కదలకుండా చూశారు. నాన్న తన గొడుగు నా మీదే పట్టి తను తడిశాడు. చివరికి అంతా కరిగింది, అడుగున రెండు వరసలు తప్ప. అవి మొండికేశాయి. వెళ్ళి గోటితో గీకి చూశాను. మట్టి పూత కింద సిమెంటు!

రాత్రి 8
ఒళ్ళు మండిపోయి నిలదీశాను. నాన్న తడుముకోలేదు. పైన నువ్వు చెప్పినట్టే కట్టాను, పునాది దగ్గర మాత్రం చెయ్యి ఒప్పుకోలేదు అన్నాడు. అంతమంది ముందు నా కూతురు కట్టింది ఏమీ మిగలకపోతే ఎలా అన్నాడు. కోపమంతా ఎటు పోయిందో తెలియదు. పగలగొట్టించమంటావా అని క్యూరేటర్ ఫోన్ చేస్తే, వద్దన్నాను.

ఆగస్టు 2
నాన్న రోజూ ఆ వరసల మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఇదేమిటని ఎవరైనా అడిగితే, మా అమ్మాయి శిల్పం, కరిగేదే, కాస్త టైం పడుతుంది అంటున్నాడట.

ఆగస్టు 10
కేటలాగ్ మళ్ళీ అచ్చు వేస్తున్నారు. ఎంతకాలం ఉంటుంది: నాన్నని అడగాలి.