ఆరు తంతుల వెన్నబల్ల

డెబెన్ నది ఒడ్డు,
మార్చి, ఆదివారం మధ్యాహ్నం

నన్ను చంకనేసుకుని చాపెల్‌కి మోసుకెళ్ళిన థర్జా అక్కకు,

అక్కా, నిలబడి చదవకు, కూర్చుని చదువు. నీ తమ్ముడు లైర్ అనే తంతివాద్యం చేస్తున్నాడు! మన నది అవతలి గుట్టలో, ఓడతో సహా పాతిపెట్టిన పాతకాలపు రాజు పక్కన దొరికిందే, అలాంటిది. ముక్కలు అతికించి లండన్‌లో అద్దాల పెట్టెలో పెట్టారని విని వెళ్ళి చూసొచ్చాను. అద్దానికి ముక్కు ఆనించి ఎంతసేపు నిలబడ్డానో ఏమో, కాపలావాడు వచ్చి, "పెద్దాయనా, అద్దమంతా ఆవిరి పట్టింది. కాస్త వెనక్కి జరుగుతారా?" అన్నాడు. మూరన్నర పొడవు. ఒకే చెక్కని తొట్టిలా తొలిచి, పైన పల్చటి పలక మూసి, ఆరు తంతులు బిగించారు. ఒళ్ళో నిలబెట్టుకుని వాయిస్తారు. చూడగానే నాకు బైబిల్లోని దావీదు గుర్తొచ్చాడు! సౌలు రాజు మీది దురాత్మను వదలగొట్టిన వాద్యం దీనికి తోబుట్టువు కాకపోతే నా పేరు మార్చెయ్.

రాజుగారిది మేపుల్ చెక్క. జర్మనీ సమాధుల్లో ఓక్‌తో చేసినవి కూడా దొరికాయని చదివాను. అది చదవగానే ఎగిరి గంతేశాను. పురుగు పట్టిందని పోయినేడు దించేసిన మన పాత ప్రసంగపీఠం ఓక్‌దే కదా! షెడ్డులో పడుంది. మన తాతల కాలం నుంచి వాక్యం విని విని నానిన చెక్క అది. అది పాడకపోతే ఇంకేది పాడుతుంది?

చాపెల్ పెద్ద క్యాచ్‌పోల్ మాత్రం నన్ను చూసి మొహం చిట్లించాడు. "బ్రదర్ థర్లో, ఒక అన్యుల రాజు సమాధిలో దొరికినదాన్ని దేవుడి ఇంట్లోకి తెస్తారా?"

"ఎలీషా ప్రవక్తకి ప్రభువు మాట కావాల్సొస్తే ముందు వాయించేవాణ్ణి పిలిపించాడు. వాడు వాయించాకే ప్రవక్త మీదికి ప్రభువు చెయ్యి వచ్చింది. ఆ వాయించేవాడు ఎవరి కొడుకని ఎవరైనా అడిగారా?" అన్నాను.

"చెక్క పట్టుకెళ్ళండి. ప్రసంగం మాత్రం ఆదివారానికి దాచుకోండి," అన్నాడు.

ఇక అసలు మాట. ఇది మా ఆవిడ కెజయాకి తప్ప ఎవరికీ తెలియదు, క్యాచ్‌పోల్‌కి అసలే తెలియదు. నా గొంతులో కణితి ఉంది అక్కా. ఈస్టర్ దాటగానే ఇప్స్‌విచ్ ఆస్పత్రిలో కోస్తారు. మనిషి దక్కుతాడు, గొంతు సంగతి చెప్పలేను అన్నాడు డాక్టరు. పీఠమెక్కి ప్రసంగాలు అరిచే మనిషికి గొంతు లేకపోతే మిగిలేదేమిటి? అందుకే ఈ లైర్! జూన్‌లో చాపెల్ వార్షికోత్సవం నాడు దీంతో నిలబడతాను. నోటితో చెప్పలేనిది తంతులతో చెబుతాను. ఇది కూడా పలకకపోతే, ప్రసంగాలు చెప్పేవాళ్ళలోంచి నా పేరు తీసెయ్యమని చెప్పి వెనక బెంచీలో కూర్చుంటాను. ఇది నా నిర్ణయం. ఏడవకు. ఏడ్చే తీరిక కూడా లేదు నాకు, తొలవడం మొదలుపెట్టాలి!

ఒక్క కోరిక. తంతుల్ని ఎత్తిపట్టే చిన్న వంతెనని, రాయిలా గట్టిపడిన చెట్టుబంక ఉంటుందే, ఆ అంబర్‌తో చేసేవాళ్ళట. నువ్వు చిన్నప్పుడు ఫెలిక్స్‌స్టో సముద్రపు ఇసుకలో ఏరుకున్న ఆ తేనెరంగు ముక్క ఇంకా ఉందా?

నీ తమ్ముడు,
ఈనక్


అక్కడే,
మే నెల

నోరున్న అక్కకు, నోరు పోయిన తమ్ముడు రాసేది,

కోశారు. బతికాను. డాక్టరు చెప్పేదాకా గుసగుస కూడా కూడదట. జెకర్యాలా మెళ్ళో పలక వేసుకుని తిరుగుతున్నాను. దేవదూత మాట నమ్మనందుకు ఆయన నోరు పడిపోయింది. ఊళ్ళోవాళ్ళ చెవులు చిల్లులు పొడిచినందుకు నాది పోయిందని కెజయా అంటోంది.

నీ అంబర్ అందింది. "చిన్నప్పుడు దొంగిలించబోయావు, ఇప్పుడు అడిగి తీసుకుంటున్నావు, ప్రభువు నిన్ను మార్చాడు" అని రాశావు చూడు, ఆ కాగితం గోడకి అతికించాను.

కానీ అక్కా, ఓక్ పలకలేదు! తంతులు బిగించే మరలకి విల్లో చెక్క చెక్కాను, వంటింట్లో వజ్రం జిగురు మరగబెట్టి ఇల్లంతా కంపు చేశాను, గొర్రె పేగుల తంతులు బిగించాను. మీటితే తడి గోనెసంచి మీద కర్రతో కొట్టినట్టుంది. లైర్ పై పలక ఇంకా పల్చన చేశాను. నిలువునా చీలింది. అంత వాక్యం విన్న చెక్క!

కెజయా దాన్ని ఒళ్ళో పెట్టుకుని మీటి, "పాపం, ఇన్నేళ్ళు నీ ప్రసంగాలు విన్నది కదా ఈనక్. నిద్రపోతోంది," అంది.

నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. నా పేరు తీసెయ్యమని పలక మీద రాసి, క్యాచ్‌పోల్‌కి చూపించడానికి టోపీ పెట్టుకున్నాను. కెజయా తడిగుడ్డ తెచ్చి, ఆ రాత తుడిచేసి, పెరట్లోకి పోయింది. నేను వంటింట్లో కూలబడ్డాను. కాసేపటికి టీ తాగాలనిపించింది. పిలవడానికి గొంతు లేదు. అలవాటు కొద్దీ, ప్రసంగంలో గుద్దినట్టు, ముందున్న బల్ల మీద గుద్దాను.

ఖంగుమంది అక్కా!

కెజయా వాళ్ళమ్మ ఇచ్చిన, వెన్న పిసికే వెన్నబల్ల అది. దాని మీద ఉన్న చెంచా సన్నగా వణుకుతూనే ఉంది. మళ్ళీ గుద్దాను. "టీ పెడతా, కాస్త ఆగు!" అని పెరట్లోంచి అరిచింది. వచ్చి టీ పెట్టి నా ముందుంచింది. నేను టీ వైపు చూడకుండా బల్లకి చెవి ఆనించి ఇంకోసారి గుద్దాను. "పెట్టానుగా మహానుభావా!" అంది. అది సికమోర్ చెక్క, మేపుల్‌కి సొంత చెల్లెలు. వెన్నకి రుచీ వాసనా అంటించదని పాడి ఇళ్ళల్లో అదే వాడేవాళ్ళు. మందపాటి ఒకే చెక్క, ముడుల్లేవు, తల్లీకూతుళ్ళు ఉప్పూ వేడినీళ్ళూ పోసి తోమి తోమి ఆరబెట్టింది. నేను పవిత్రమైన చెక్క కోసం వెతికాను గానీ, మోగే చెక్క కోసం వెతకలేదు! రాజుని ఎంచడానికి వెళ్ళిన సమూయేలు ప్రవక్త ఎత్తుగా అందంగా ఉన్నవాడి మీద నూనె పోయబోతే ప్రభువు ఆపలేదూ? గొర్రెల దగ్గరున్న దావీదుని పిలిపించలేదూ?

అది వాళ్ళమ్మ గుర్తు. ఎలా అడగను? పలక మీద సగం రాశాను. ఆమె మిగతాది చదవకుండానే గిన్నెలు తీసేసి, బల్లని చివరిసారి తోమి, ఎండలో నిలబెట్టింది. "వెన్న ఎలాగూ దుకాణంలోనే కొంటున్నాం. కోసుకో. మోగకపోయిందో, రేపట్నుంచి వెన్న నువ్వే చిలకాలి," అంది.

ఉలి పిలుస్తోంది. ఉంటాను.

నీ మూగ తమ్ముడు,
ఈనక్


అక్కడే,
జూన్, వార్షికోత్సవం మర్నాడు

అంబర్ దాత అయిన మా అక్కకు,

మోగింది! మోగింది! మోగింది!

చాపెల్ నిండిపోయింది. కొత్త పీఠం పక్కన కూర్చుని ఒళ్ళో లైర్ నిలబెట్టుకున్నాను. మొదటి తంతి మీటగానే క్యాచ్‌పోల్ తల ఎత్తాడు. ఆరూ కలిసి మోగేసరికి ముందు బెంచీలో దగ్గుతున్న ముసలాయన దగ్గు ఆపేశాడు. కొన్ని క్షణాలు నేను ఆకాశంలో ఉన్నాను. ఆ తర్వాత దిగాను. అందరూ ఎదురుచూస్తున్నారు. దేనికోసం? మాట కోసం! దావీదు ఊరికే మీటలేదు కదా, పాడాడు కదా. డాక్టరు మాట మరిచిపోయి నోరు తెరిచాను. తుప్పు పట్టిన గేటు తెరిచినట్టు ఒక కీచు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నా వేళ్ళు ఆగిపోయాయి. లైర్ పలికినా నేను ఓడిపోయాననుకున్నాను.

అప్పుడు వెనక బెంచీలోంచి ఒక గొంతు లేచింది. కెజయా! పెళ్ళయిన నాటి నుంచి చాపెల్‌లో పాటల పుస్తకంలోని ముక్క తప్ప పలకని మనిషి, నిలబడి, పుస్తకం తెరవకుండా, కాపరి గురించిన కీర్తన చెప్పడం మొదలుపెట్టింది. నేను వంటింట్లో గొంతు చించుకుని వల్లెవేస్తుంటే విని విని నేర్చుకున్నదే. కానీ నేను ఎన్నడూ చెప్పినట్టు కాదక్కా. నేను ఆ కీర్తనతో జనాన్ని తరిమేవాణ్ణి. ఆమె నీళ్ళ ఒడ్డున కూర్చోబెట్టింది. మాటకీ మాటకీ మధ్య ఆగింది, ఆ ఖాళీలో నేను మీటాను. కీర్తనలో చీకటి లోయ మాట దగ్గర ఆమె గొంతు వణికితే తంతులు పట్టుకున్నాయి. వాళ్ళమ్మ బల్ల కదా, కూతుర్ని పడిపోనిస్తుందా!

బయటికొచ్చాక క్యాచ్‌పోల్ టోపీ నలుపుతూ నిలబడ్డాడు. "ఆ రాజు సంగతి ప్రభువు చూసుకుంటాడులెండి. వచ్చే నెల మళ్ళీ రండి బ్రదర్ థర్లో." టోపీ పెట్టుకుంటూ, "సిస్టర్ కెజయా కూడా వస్తేనే సుమా," అన్నాడు.

గొంతు ఇక ఇంతేనట, కీచు వరకే. ఫరవాలేదు. నా పేరు తీయించను. కెజయా కూర్చునే వెనక బెంచీ మాత్రం ఇప్పుడు ఖాళీ.

వెన్నబల్ల పోయింది కాబట్టి మిగిలిన ప్రసంగపీఠం చెక్కతో కెజయాకి కొత్త వంటబల్ల చేసిచ్చాను. ఈ ఉత్తరం నేను ముందుగదిలో రాస్తుంటే, ఆమె వంటింట్లో వచ్చే నెల వాక్యం వల్లెవేస్తోంది. ఇప్పుడే ఆ ఓక్ మీద ధనామని ఒక గుద్దు వినిపించింది, నేను ఏనాడూ గుద్దనంత గట్టిగా.

ఉంటానక్కా. లేచి వెళ్ళి ఆమెకి టీ పెట్టాలి.

నీ తమ్ముడు,
ఈనక్